కాలి కింద పందికొక్కు

మా అమ్మాయి ఫోన్లో బాండికూట్ అన్న ఇంగ్లీషు మాట చూపించింది. ఒక అర్థం పెద్ద ఎలుక, ఇంకో అర్థం పొట్టకు సంచి ఉండే ఆస్ట్రేలియా జంతువు. ఆ మాట పుట్టుక మాత్రం మన పందికొక్కు నుంచేనట. చదవగానే నా అరికాలు జిల్లుమంది.

నాకు ఏడేళ్లప్పుడు, రామచంద్రపురం దగ్గర మా చేలో, తాతయ్యగారు పందికొక్కును చంపడానికి గట్టు కన్నంలోకి పొగ ఊదుతూ, "ఆ రెండో కన్నం మీద కాలు పెట్టి నించో అమ్మా, తియ్యకు" అన్నారు.

లోపల ఏదో గుర్రుమంది. వెచ్చని మూతి నా పాదాన్ని నెట్టింది.

"తాతయ్యగారూ, కరిచేస్తుందండీ!"

"ఏం కాదమ్మా, నొక్కి ఉంచు."

ఏడుస్తూనే నొక్కి ఉంచాను. కాసేపటికి నెట్టడం ఆగిపోయింది.

అది కరవడానికి కాదు, గాలి కోసం నెట్టిందని పెద్దయ్యాక అర్థమైంది. దాని పేరు సముద్రాలు దాటింది. దాన్ని మాత్రం నేను ఆ గట్టు దాటనివ్వలేదు.