ఎడంచేత్తో లాగే మోటారు

నా చిన్నప్పుడు మా ఇంటికి మూడు మోటార్లు పెళ్లిచూపులకు వచ్చాయి. విశాఖ రేవులో పాత పడవ మోటార్లు అమ్మే దూరపు బంధువొకాయన వాటిని రైల్లో వేసి, నచ్చినది ఉంచుకోండి, మిగతా రెండూ తిప్పి పంపండి అని కబురు పెట్టాడు. బాగ్‌బేరా రైల్వే కాలనీలో మా క్వార్టరు ఎంతదంటే, లోపల ఒకరు ఆవులిస్తే వాకిట్లో ఒకరు పక్కకు జరగాలి. అలాంటి ఇంట్లోకి గోనెసంచులు చుట్టుకున్న ముగ్గురు ఇనుప పెళ్లికొడుకులు దిగేసరికి మా నాయనమ్మ మంచం వరండాలోకి, వరండాలోని మేక పక్కింటి అక్క వాళ్ల వరండాలోకి బదిలీ అయ్యాయి. మేక మళ్లీ తిరిగి రాలేదు. అక్కడ తిండి బాగుందట.

మా తాతయ్య శ్రీకాకుళం తీరాన పుట్టినవాడు. నేను పుట్టక ముందే సముద్రానికి దండం పెట్టేసి ఉక్కు కార్ఖానాలున్న ఈ ఇనుప ఊరికి వచ్చి, రైల్వే యార్డులో ముప్పై ఏళ్లు వ్యాగన్లకు కొక్కేలు తగిలించాడు. సముద్రాన్ని ఎందుకు వదిలావు తాతా అని ఎవరైనా అడిగితే దగ్గేవాడు. ఆ దగ్గు ఎంత పొడుగ్గా ఉండేదంటే, అది పూర్తయ్యేలోపు అడిగినవాళ్లకు షిఫ్టు టైమైపోయేది. మాకు తెలిసిందల్లా ఆయనకొక తమ్ముడు ఉండేవాడని, సముద్రం మీద పోయాడని, ఆ ఊసు ఇంట్లో ఎత్తకూడదని.

రిటైరయ్యాక తాతయ్య చేతులకు ఏం చేయాలో తోచలేదు. అప్పుడే మా ఊరికి దగ్గర్లోని చాండిల్ డ్యామ్‌లో నీళ్లు నిండాయి. ఆయన అక్కడొక పాత చేపల పడవను, దాని వెనక ఉబ్బసం పట్టిన మోటారుతో సహా కొన్నాడు. ఆ నీటి అడుగున మునిగిన ఊళ్లున్నాయి, మునిగిన తోటలున్నాయి. ఎండిన చెట్ల కొనలు నీటికి జానెడు కింద నక్కి కూర్చుంటాయి. మోటారు ఫ్యాను ఒక్క కొమ్మకు తగిలి విరిగితే పడవ నడినీట్లో చచ్చిన చేపలా తేలాల్సిందే. అందుకని మా నాయనమ్మ ఒక షరతు పెట్టింది. అక్కరకు ఆదుకునే రెండో మోటారు ఒకటి ఉంటేనే ఆ పడవ నీళ్లు తాకాలి.

“ఒకసారి సూసేను. మల్లీ సూడనేను,” అంది.

కూరలో ఉప్పు తక్కువైందని గంటసేపు ఉపన్యసించగల మనిషి ఆ మాట అనేసి బియ్యంలో రాళ్లు ఏరుకోవడానికి వెళ్లిపోయింది. తాతయ్య ఆ రోజు దగ్గలేదు కూడా.

ఇక మా చిన్నాన్న. కార్ఖానా పంప్‌హౌస్‌లో ఫిట్టరు. లోకంలోని ప్రతి సమస్యకూ పంప్‌హౌస్‌లో జవాబుందని నమ్మేవాడు. అక్కడ నడిచే పంపు పక్కనే అంత పంపూ ఇంకొకటి ఊరికే నిలబెట్టి ఉంచుతారు. మొదటిది ఆగిన మరుక్షణం రెండోది మొత్తం భారం ఎత్తుకోవాలి. కాబట్టి పడవకైనా అంతే అని ఆయన వాదన. మూడింటిలోకీ పెద్దదాని మీద, పన్నెండు గుర్రాల బలమున్న దాని మీద, సొంత కొడుకు భుజం మీద వేసినట్టు చెయ్యి వేసి నిలబడ్డాడు.

“స్టాండ్‌బై అంటే మెయిన్‌కి బరాబర్ ఉండాల నాన్నా! మెయిన్ ఖతం అయితే ఇది ఫుల్ లోడ్ లాగాల. ఆ సిన్నవి ఏటికి? సట్నీ రుబ్బుకోడానికా?”

చూడ్డానికి వచ్చిన కాలనీ జనం తలలూపారు. కొలుములు, క్రేనులు, లారీల మధ్య పెరిగిన ఊరు మాది. పెద్దది కనిపిస్తే నమస్కారం పెట్టేస్తాం. తాతయ్య మాత్రం బీడీ ముట్టించుకుని, సగం కోసిన నూనె డ్రమ్ము వాకిట్లో నిలబెట్టించి, నీళ్లు నింపమన్నాడు. మా కాలనీ కుళాయి రోజుకు గంటసేపు, అదీ బతిమాలితే, కన్నీళ్లంత సన్నగా వచ్చేది. ఆ గంటా డ్రమ్ముకే పోయింది.

“తాగీకి నీల్లు నేవు గానీ మోటార్లకి తానాలు!” అని మా నాయనమ్మ ఆకాశానికి ఫిర్యాదు చేసింది.

ఒక్కో మోటారునూ డ్రమ్ము అంచుకు బిగించి, ఫ్యాను నీళ్లలో ముంచి, తాడు లాగి చూడాలి. చిన్నాన్న చొక్కా విప్పి కండలు సవరించుకుంటుంటే తాతయ్య ఆయన్ని పక్కన కూర్చోమని, నన్ను పిలిచాడు. నాకప్పుడు పదేళ్లు. నా బరువు ఎంతంటే, పెద్దగాలి లేస్తే నాయనమ్మ నన్ను మంచంకోడుకు కట్టేసేది.

“ఒలే గుంటా, నువ్వు లాగు,” అన్నాడు. నేను కుడిచెయ్యి చాపగానే మణికట్టు పట్టుకుని ఆపాడు. “ఆ సెయ్యి కాదు. ఎడం సేత్తో.”

కాలనీ అంతా ఘొల్లుమంది. యార్డులో ఇంజన్లు కూడా నవ్వాయని నా అనుమానం. నాకు ఏడుపొచ్చింది. అయినా లాగాను. పన్నెండు గుర్రాలది కదల్లేదు సరికదా, తాడును వెనక్కి గుంజుకుని నన్ను డ్రమ్ము మీదకు విసిరింది. తాతయ్య బీడీ పడేసి నన్ను లేవనెత్తి, మోచెయ్యి తుడిచి, రెండోది బిగించాడు. అది అన్నిటికన్నా చిన్నది, రెండు గుర్రాలది. ఒక్క లాగుకే కూతపెట్టింది. నేను ఎగిరి గంతేశాను. కానీ తాతయ్య డ్రమ్మును చేతులతో పట్టి అలలా ఊపేసరికి, నీళ్లలోకి దిగే దాని కాడ పొట్టిది కావడంతో ఫ్యాను నీళ్లలోంచి పైకి లేచి గాల్లో కీచుమని అరిచింది. గాలి లేచినప్పుడు ఇది పడవను కాదు, గాలినే తిప్పుతుందని చెప్పి దాన్నీ దింపేశాడు.

మూడోది నాలుగు గుర్రాలది. రంగు పోయి, ఒళ్లంతా మచ్చలతో, ముసలి బల్లిలా ఉంది. కాడ పొడుగు. పెట్రోలు టాంకీ దాని నెత్తిమీదే వేరుగా ఉంది. పడవ అసలు మోటారు టాంకీలో నీళ్లో మడ్డో చేరినా దీనికి ఆ రోగం అంటదు. మూడో లాగుకు అది గొణిగి, దగ్గి, నడిచింది. డ్రమ్ము ఎంత ఊపినా ఆగలేదు.

“ఇదే,” అన్నాడు తాతయ్య.

“మిక్సీ!” అన్నాడు చిన్నాన్న. “ఈ మిక్సీతో ఒడ్డుకి ఎప్పుడు సేరతావు నాన్నా? వచ్చే ఆదివారానికా?”

“ఆలీసంగానే సేరతాను. సేరతాను గదా.”

ఆ సాయంత్రం మిగతా రెండు మోటార్లకూ మళ్లీ గోనెలు చుడుతున్నాం, తాతయ్యా నేనూ. నేను ఇంకా మూతి ముడుచుకునే ఉన్నాను. ఊరందరి ముందూ నన్ను నవ్వులపాలు చేశాడని. ఆయన దబ్బనంతో గోనె కుడుతూ, తల ఎత్తకుండా, మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. తమ్ముడి పడవకు రెండో మోటారు కొన్నది తనేనట. తీరంలో ఎవరికీ లేనంత పెద్దది ఏరి తెచ్చాడట. దాన్ని చూడ్డానికి పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చేవారట. ఒక రోజు నడిసముద్రంలో పెద్ద అల కొట్టి అసలు మోటారు ఊడిపోయింది, తమ్ముడి కుడిచెయ్యి విరిగింది. మూడో రోజు పడవ దొరికింది. లోపల తమ్ముడు ఉన్నాడు, ప్రాణం లేదు. రెండో మోటారుకు ఏమీ కాలేదు. టాంకీ నిండుగా ఉంది.

“ఎడం అరసెయ్యి మీద తోలు నేదే, గుంటా,” అన్నాడు. “లాగి లాగి.”

తర్వాత దబ్బనం మళ్లీ గోనెలోకి దిగింది. ఈ మాట నాయనమ్మకు గానీ చిన్నాన్నకు గానీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఆ మోటారు ఎవరు కొన్నారో నాయనమ్మకు తెలియకుండా ఉంటుందా అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు తోచలేదు. నా ఎడం అరచేతిని ఫ్రాకుకు తుడుచుకుంటూ కూర్చున్నాను.

ఆ మిక్సీ మూడేళ్లు పడవ వెనక పనిలేకుండా వేలాడింది. తాతయ్య బయలుదేరే ముందు ప్రతిసారీ దాన్ని ఎడంచేత్తో ఒకసారి లాగి, నడిచిందని చూసి, ఆపేసేవాడు. చిన్నాన్న దానికి పేర్లు పెడుతూనే ఉన్నాడు. నాలుగో ఏడు చలికాలంలో ఒక పొద్దున్న తాతయ్య చేతిలోంచి టీ గ్లాసు జారింది. కుడిపక్క మొత్తం పడిపోయింది. మాట ముద్దముద్దగా మిగిలింది. డాక్టర్లు చేయగలిగింది చేశారు. తాతయ్య మంచం మీద పడుకుని కప్పు వంక చూసేవాడు. యార్డులో వ్యాగన్లు గుద్దుకున్నప్పుడల్లా ఎడంచెయ్యి కొద్దిగా లేచేది.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం, నీళ్లు చూడాలని సైగ చేశాడు. చిన్నాన్న అద్దె జీపు తెచ్చి, డ్యామ్ ఒడ్డున ఆయన్ని వీపున మోసుకుని పడవలో దించాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. నాయనమ్మ ఒడ్డునే నిలబడింది. నీళ్లు తగ్గి చెట్ల కొనలు బయటికి వచ్చాయి, నల్లగా, ఎవరో వేళ్లు చాపినట్టు. కొంత దూరం పోయాక తాతయ్య అసలు మోటారు ఆపమన్నాడు. ఆపితే అంతా నిశ్శబ్దం. ఒళ్లు ఈడ్చుకుంటూ వెనక్కి జరిగి, చిన్నాన్న పట్టుకోబోతే వద్దని, మిక్సీ తాడును ఎడంచేత్తో అందుకున్నాడు.

నేను ఏది చెప్పినా కాస్త పెంచి చెబుతానని మావాళ్లందరికీ తెలుసు. ఇందులో మాత్రం ఒక్క చుక్క కలపలేదు. మొదటి లాగుకు రాలేదు. రెండో లాగుకు వచ్చింది.

తాతయ్య తాడు వదిలి, అరచెయ్యి తెరిచి, దాని వంక చూస్తూ ఉండిపోయాడు. ఏమీ లేదు. గీత కూడా పడలేదు. ఎర్రబడనైనా లేదు. పడవ మెల్లగా, నడిచే మనిషంత మెల్లగా, ఒడ్డు వైపు పోతోంది. ఆయన కళ్లలోంచి కారుతున్నది తుడుచుకోవడానికి ఆ ఒక్క చెయ్యే ఉంది, దాన్నేమో చూడ్డం ఆపలేకపోతున్నాడు.

“ఏటి నాన్నా, సెయ్యి నొప్పెడతందా?” అని చిన్నాన్న కంగారుగా అడిగాడు. తాతయ్య తల అడ్డంగా ఊపాడు. ఎందుకో నాకు తెలుసు. ఒట్టు వేశాను కాబట్టి నీళ్ల వంక చూశాను.

ఒడ్డున నాయనమ్మ మోకాలి లోతు నీళ్లలోకి వచ్చేసి నిలబడి ఉంది. పడవ తగలగానే ఆయన ఎడంచెయ్యి పట్టుకుని, తిప్పి చూసి, కొంగుతో తుడిచింది. “వచ్చేసేవు,” అంది. అంతే అంది.

వానలు పడక ముందే తాతయ్య వెళ్లిపోయాడు. పదో రోజు, ఇక ఒట్టు చెల్లిందని నాకు నేనే తీర్పిచ్చుకుని, చిన్నాన్నకు చెప్పాను. ఆయన పోయి ఆ మోటారు పక్కన వాకిట్లో కూర్చుని, గుడ్డతో తుడుస్తూ ఉన్నాడు. చీకటి పడేదాకా తుడిచాడు. మళ్లీ దాన్ని మిక్సీ అనలేదు.

ఇప్పుడది టెల్కో కాలనీలో మా మెట్ల కింద ఉంది. పడవ ఎప్పుడో శిథిలమైంది. నాకు యాభై దగ్గరపడుతున్నాయి, జుట్టు సగం నెరిసింది, నా బరువును ఇప్పుడు ఏ గాలీ భయపెట్టలేదు. సాక్చీ బజారులో ఏ వస్తువు కొన్నా, కుక్కరు మూతైనా, తలుపు గడియైనా, గ్యాసు రెగ్యులేటరైనా, ముందు ఎడంచేత్తో తిప్పి చూస్తాను. “మాతాజీ, ఆప్ లెఫ్టీ హై క్యా?” అని దుకాణదారులు అడుగుతారు. కాదంటాను. ఇంట్లో అందరికన్నా నీరసంగా ఉన్నవాళ్లు, అన్నిటికన్నా చెడ్డ రోజున దీన్ని తెరవగలగాలి కదా అని వాళ్లకేం చెబుతాను! మనుషుల్ని కూడా అలాగే చూడ్డం అలవాటైంది. బలంగా ఉన్నప్పుడు పక్కన నిలబడేవాళ్లు ఎందరో. ఒక చెయ్యి పడిపోయిన రోజున అందేవాళ్లెవరని చూసుకుంటాను.

ఏడాదికోసారి తాతయ్య తిథినాడు ఆ మోటారును బయటికి తీసి, బకెట్టులో కాడ ముంచి, ఎడంచేత్తో లాగుతాను. గొణుగుతుంది, దగ్గుతుంది, నడుస్తుంది. అప్పుడు తాడు వదిలి అరచెయ్యి తెరిచి చూసుకుంటాను.