ఆమె కదలలేదు

ఎనభైల చివర, ఎమ్మిగనూరులోని నా స్టూడియోకు ఆటో ఫోకస్ కెమెరా వచ్చింది. బొంబాయి నుంచి తెప్పించుకున్నాను, దానితోపాటు మూరెడు జూమ్ లెన్సు కూడా. మామూలు లెన్సు చిన్నది, చూసేవాళ్ల కంటికి ఆనదు. పొడవుది తగిలించుకుని పెళ్లికి వెళ్తే అందరూ తిరిగి చూసేవారు. నాకు కావలసింది అదే. కెమెరాతో వచ్చిన పుస్తకం విప్పనైనా లేదు.

ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి కూతురి నికాకు పిలిచారు. ఆడవాళ్ల గదిలోకి మగవాడు అడుగు పెట్టకూడదు. గడప దగ్గర నిలబడే తీయాలి. పెళ్లికూతురి నానమ్మ జన్మలో ఫొటో దిగలేదు. మనవరాలి కోసం ఒక్కదానికి ఒప్పుకుంది.

మధ్యాహ్నమైనా గది మసకగా ఉంది. ఆమె ముసుగు తీసి, మనవరాలి చెయ్యి పట్టుకుని నా వైపు చూసింది. మీట నొక్కాను. లెన్సు గుర్రుమంటూ ముందుకు పోయింది, వెనక్కి వచ్చింది, మళ్లీ పోయింది. ఫోకస్ కుదిరితే గాని ఆ కెమెరా ఫొటో తీయదు. వెలుతురు కోసం లెన్సు ఎంత తెరుచుకోవాలో చెప్పే ఎపర్చరు అంకె తగ్గించాను, పెంచాను. అదే గుర్రు.

"ఏమన్నా, నీ కెమెరాకు సత్వారం వచ్చినట్టుండాదే. అద్దాలు పెట్టిద్దామా?" అన్నాడు నా వెనక నిలబడ్డ పెళ్లికూతురి అన్న. లోపల ఆడవాళ్లు నవ్వారు.

చేత్తో ఫోకస్ చేసుకోవడానికి లెన్సు పక్కనే మీట ఉంది. పదిహేనేళ్లు చేత్తో చేసినవాణ్ణే. కానీ గంట ముందే, ఇది దానంతటదే చూసుకుంటుందని అందరి ముందూ గొప్పలు పోయాను. మీట జరపలేదు.

"అయిందా బేటా?" అంది ఆమె.

"కాలేదమ్మా. మీరు కదుల్తాండారు."

ఆమె కదలలేదు. ఊపిరి కూడా బిగబట్టి కూర్చుంది.

"కదిల్నానేమో. నాకు ఇవన్నీ యాడ అలవాటప్పా," అని ముసుగు లాక్కుంది. ఆ ముసుగు మళ్లీ తీయలేదు.

మర్నాడు పుస్తకం విప్పాను. ఫోకస్ వెతుక్కునేటప్పుడు లెన్సు తనకు చేతనైనంతా తెరుచుకునే ఉంటుందట. మనం పెట్టిన అంకె ఫొటో పడే క్షణంలోనే పనిచేస్తుంది. నా పొడవు లెన్సు పూర్తిగా తెరుచుకున్నా దాని ఎపర్చరు చిన్నదే. మసక గదిలో అందులోంచి వచ్చే వెలుతురు ఆటో ఫోకస్‌కు చాలదు. బాగా తెరుచుకునే చిన్న లెన్సు సంచిలోనే ఉండింది. దానితో తీయాలంటే రెండడుగులు లోపలికి రానిమ్మని అడగాలి. అడగలేదు.

ఆదోనికి బస్సులకు కొదవ లేదు. వెళ్లి, కదిలింది మీరు కాదని చెబితే ఆమె మరోసారి కూర్చునేదేమో. మొహం చెల్లక వెళ్లలేదు.

ఆల్బం కోసం వచ్చిన పెళ్లికూతురి అన్న పేజీలన్నీ తిప్పి, "మా దాదీ కుదురుగా కూర్చోలేదంట గదన్నా," అన్నాడు.

నేను తల ఊపాను.