ప్రిన్సిపాల్‌ను ప్రశ్న అడిగిన అమ్మాయి

2021లో సూరత్‌లోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో నన్ను అడ్మిషన్ కమిటీ కన్వీనర్‌గా వేశారు. అప్పటికి నేను కంప్యూటర్ విభాగాధిపతిని. రిటైర్మెంటు దగ్గర పడింది. కన్వీనర్ అంటే పెద్ద హోదా అనుకునేరు. ప్రభుత్వ కౌన్సెలింగ్‌తో సంబంధం లేకుండా యాజమాన్యం నేరుగా నింపుకునే మేనేజ్‌మెంట్ కోటా సీట్లకు ఇంటర్వ్యూలు ఏర్పాటు చేయడం, ప్రిన్సిపాల్ గారు మాట్లాడుతుంటే పక్కన తల ఊపడం ఆ పని. కరోనా పుణ్యమా అని ఆ ఏడాది తల కూడా ఇంటి నుంచే ఊపాను.

బోర్డు పరీక్షలు రద్దయ్యాయి కనుక అందరూ పాసే. మా ఇంటర్వ్యూలోనూ అందరూ పాసే; మాకు సీట్లు మిగిలిపోతున్నాయి మరి. ఈ సంగతి పిల్లలకు తెలియదు. పాపం, ఊళ్లోనే అడాజన్ పేటలో ఒక కన్సల్టెంట్ దగ్గర శిక్షణ తీసుకుని మరీ వచ్చేవారు. స్ఫూర్తి ఎవరని అడిగితే, లాక్‌డౌన్‌లో హౌసింగ్ సొసైటీ అంతటికీ మాస్కులు కుట్టిన అమ్మమ్మ అని చెప్పమని ఆయన అందరికీ నేర్పాడు. అంతమంది అమ్మమ్మలుండగా ఊళ్లో మాస్కుల కొరత ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఒక అబ్బాయి పేరు అడగగానే అమ్మమ్మ దగ్గర మొదలుపెట్టాడు. ప్రిన్సిపాల్ గారు ప్రతిసారీ కళ్లజోడు తుడుచుకుని, నాయకత్వ లక్షణాలున్నాయని రాయించేవారు.

ఒక మధ్యాహ్నం ఊరి మగ్గాల పేట బమ్రోలి నుంచి స్రవంతి తెరమీదికి వచ్చింది. తండ్రి పవర్‌లూమ్ కార్మికుడు, సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన కుటుంబం. నేను తెలుగులో పలకరిస్తే కుదుటపడింది. ఆ అమ్మాయికి కన్సల్టెంటూ లేడు, అమ్మమ్మ కథా లేదు. చివర్లో ప్రిన్సిపాల్ గారు అలవాటుగా, ఏమైనా అడగాలా అన్నారు. అందరూ థాంక్యూ సర్ అని వెళ్లిపోయే చోటు అది. స్రవంతి మాత్రం హిందీలో అడిగింది: నిరుడు చేరినవాళ్లకు ల్యాబ్ ఎలా నేర్పారు? కంప్యూటర్ పాఠాలు ఎవరు చెబుతారు?

ప్రిన్సిపాల్ గారు నోరు సగం తెరిచి బిగుసుకుపోయారు. నెట్ పోయిందనుకున్నాను.

"మేడం, సార్ ఆగిపోయిండు గని ఎనకాల ఫ్యాన్ తిరుగుతనే ఉంది" అంది స్రవంతి.

ఆయనకు తెలుగు రాదు. కానీ ఫ్యాన్ అన్న మాట అర్థమైంది. బిగుసుకుపోయిన మనిషి మెడ తిప్పి వెనక్కి చూశారు. ఆ తర్వాత నిజంగానే లైన్ కట్టయింది. ఆ ఏడాది ప్రవర్తన బాగాలేదని ఆయన రాయించింది ఆ ఒక్క అమ్మాయికే. అయినా సీటు మాత్రం ఇచ్చారు.

సాయంత్రం వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. "మేడం, ఫీజు కడితే మల్ల వాపస్ ఇయ్యరంట. మీరు మనోళ్లే గదా, జర నిజం చెప్పుండ్రి. పిల్లను చేర్పియ్యాల్నా?"

ల్యాబ్‌కు ఏడాదిగా తాళం ఉందని, మానేసిన ఇద్దరు లెక్చరర్ల స్థానంలో ఎవరినీ తీసుకోలేదని చెప్పాను. ప్రభుత్వ కౌన్సెలింగ్ వరకు ఆగమన్నాను. విభాగాధిపతి చెప్పకూడని మాటలవి. "అది గప్పుడే అన్నది మేడం, ఈ కాలేజ్ వద్దని. నేనే తిట్టిన" అన్నాడు.

ఆ కౌన్సెలింగ్‌లో స్రవంతి కోరుకున్న కంప్యూటర్ బ్రాంచి రాలేదు. ప్రభుత్వ కాలేజీలో ఎలక్ట్రికల్ వచ్చింది. రెండు రోజులు ఏడ్చి చేరిందట. మా ల్యాబ్ తాళం తీసిన రోజు సగం కంప్యూటర్లు ఆన్ కాలేదు. మాస్కుల అమ్మమ్మల మనవలంతా అప్పటికే ఫీజు కట్టి వాటి ముందు కూర్చుని ఉన్నారు.

కాలేజీలు వెతుక్కునే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. ఫీజు కట్టకముందే ల్యాబ్ చూపించమనండి, పాఠం చెప్పేవాళ్లెవరో అడగండి. కట్టాక అడిగితే జవాబు చెప్పే కాలేజీలు ఉండవచ్చు. నేను పనిచేసింది అలాంటి దాంట్లో కాదు.