సత్రం దొంగను మా అక్క పట్టిన రోజు

కురమోచి గారు వీధి దాటి వస్తుంటే మొదట చూసింది నేనే.

"అక్కా, కళ్ళజోళ్ళ కొట్టాయన వస్తున్నాడు. మొహం వెలిగిపోతోంది!"

"కొంప మునిగింది! ఆట పూర్తి చేసేసినట్టున్నాడు. ఆయన్ని నోరు తెరవనిచ్చావో, సుమీ, నీ జుట్టు గొరిగేస్తాను!" అంది అక్క, టీవీ ముందు నుంచి లేవకుండానే.

మా అక్క కినుయో తకమాత్సు ఊళ్ళో క్షౌరశాల నడిపేది. నాన్న పోయాక ఆ రెండు కుర్చీలు, కత్తులు, గుమ్మం ముందు కొట్టు గుర్తుగా తిరిగే ఎరుపు నీలం గొట్టం, అన్నీ ఆమెవే అయ్యాయి. ఈ ఫిబ్రవరిలో అక్క పోయింది. పరామర్శకు వచ్చిన వాళ్ళంతా ఆమె చెయ్యి ఎంత తేలికో చెప్పుకున్నారు. నేను తలుచుకునేది మాత్రం ఆ శనివారాన్ని.

పిల్లలు జుట్టు కత్తిరించుకునేటప్పుడు ఏడవకుండా ఉంటారని అక్క ఒక వీడియో గేమ్ పెట్టె కొంది. చివరికి దానికి అతుక్కుపోయింది తనే. ఆ చలికాలం మా వీధి వీధంతా ఒకే డిటెక్టివ్ ఆట ఆడుతోంది. కొందరు జవాబుల పుస్తకాలు చూసి ఆడారు, కొందరు పక్కవాళ్ళను అడిగి ఆడారు. దొంగను తన బుర్రతోనే పట్టాలని అక్క పంతం. "ఒకరు నమిలిన ఉడోన్ నూడుల్స్ నేను తింటానా?" అనేది.

ఆటలో ఒక మంచుకొండ సత్రం. కరెంటు పోతుంది. వచ్చేసరికి సత్రం వాళ్ళ పాత టీ గిన్నె మాయం. దీపాలు వెలిగిన క్షణం నుంచి డిటెక్టివ్ గదుల ముందు వసారాలోనే నిలబడి ఉంటాడు కాబట్టి ఆ తర్వాత అక్కడి చెప్పులను ఎవరూ కదపలేదు. అతిథులు ముగ్గురు. వర్తకుడు స్నానంలో ఉన్నానంటాడు. అతని చెప్పులు స్నానాల గది ముందే ఉన్నాయి. మా వైపు టాయిలెట్‌కు వేరే చెప్పులుంటాయి, వెళ్ళేవాళ్ళు వాటిని అక్కడే వేసుకుని అక్కడే విడిచి రావాలి. చిత్రకారుడు, "చీకట్లో నేను టాయిలెట్లో ఉన్నాను. దీపాలు వచ్చాక అక్కడి చెప్పులు అక్కడే విడిచి వచ్చాను," అంటాడు. డాక్టరేమో గది దాటి రాలేదంటాడు. కానీ డాక్టరు గది ముందు ఉన్నవి టాయిలెట్ చెప్పులు! అబద్ధం దొరికిపోయిందని అక్క రెండుసార్లు డాక్టరును పట్టించింది. రెండుసార్లూ తెర మీది డిటెక్టివ్ తల దించుకున్నాడు, ఆట మళ్ళీ మంచు కురిసే దగ్గరికి వెళ్ళిపోయింది.

కురమోచి గారు తలుపు తోసుకుని వచ్చారు. "కినుయో! పట్టేశాను! ఆ దొంగ ఎవరో..."

"వద్దు! చెప్పారో, కనుబొమలు ఎగిరిపోతాయి!"

"సరే, ఆగు. ముందు టాయిలెట్. సంబరంలో టీ మీద టీ తాగేశాను."

ఆయన లోపలికి పరుగెత్తి, అంతే వేగంగా తిరిగొచ్చి కుర్చీలో పడ్డారు. అక్క కుర్చీని వెనక్కి వాల్చి, నోటి మీద వేడి తువ్వాలు కప్పేసింది. కుర్చీ వాలగానే ఆయన పాదాలు పైకి లేచాయి. వాటికి మా గులాబీరంగు ప్లాస్టిక్ చెప్పులు!

నాకు నవ్వు ఆగలేదు. "కురమోచి గారూ, మా టాయిలెట్ చెప్పులతో వచ్చేశారే!"

"నేనా? నేనసలు వెళ్ళనే లేదు!" అన్నారు తువ్వాలు కిందనుంచి. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అక్క నవ్వలేదు. నురగ కుంచె పట్టుకుని ఆ చెప్పులకేసే చూస్తోంది.

"సుమీ, ఈయన అబద్ధమాడారు. మరి దొంగేనా?"

"దొంగేమిటే! పాపం, సిగ్గు."

"డాక్టరుదీ సిగ్గే!" అని అరిచి, ఒక చెంపకు నురగ పట్టించిన ఆయన్ని అలాగే వదిలేసి టీవీ దగ్గరికి ఉరికింది. నా మెడ పట్టి దగ్గరికి లాక్కుని చెవిలో గబగబా చెప్పింది: "టాయిలెట్లో ఉండేది ఒక్క జతే. చీకట్లో డాక్టరు భయపడి వాటితోనే గదికి పారిపోయాడు. మరి దీపాలు వచ్చాక చిత్రకారుడు ఏ చెప్పులు విడిచాడే? వాడక్కడ లేనే లేడు!"

చిత్రకారుడి పేరు మీద నొక్కింది. తెర నల్లబడింది. చిత్రకారుడు మోకాళ్ళ మీద కూలబడి చొక్కాలోంచి గిన్నె తీశాడు.

అక్క వేసిన కేకకు వీధిలో సైకిలు మీద పోతున్నవాడు ఆగి చూశాడు. నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

"చిత్రకారుడే! నేను చెప్పబోయిందీ అదే!" కురమోచి గారు తువ్వాలు పీకేసి లేచి కూర్చున్నారు.

"మీరెలా పట్టారు?" అంది అక్క, ఆయాసపడుతూనే.

"ఎలా ఏముంది? డాక్టరును నొక్కాను, కాదు. వర్తకుడిని నొక్కాను, కాదు. ఇక మిగిలింది వాడే."

"అంటే ఎందుకు వాడో మీకు తెలీదు!"

"తెలీదు. చెప్పు."

"చెప్పను."

"అమ్మా తల్లీ, నిద్ర పట్టదు!"

"పట్టకపోతే మంచిదేగా, ఆలోచించుకోండి. ఆ సుఖం మీకు లేకుండా చెయ్యడానికి నాకు మనసొప్పదు." గడ్డం గీస్తున్నంతసేపూ ఆయన బతిమాలుతూనే ఉన్నారు. అక్క కూనిరాగం తీస్తూనే ఉంది.

సోమవారం మాకు సెలవు. మేడ మీద అన్నం తింటుంటే కింద వీధిలోంచి గావుకేకలు. కిటికీ తీశాం. కురమోచి గారు రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నారు. ఆయన వెనక కొట్టు గుమ్మంలో కంటి పరీక్ష అద్దాల చట్రం ముక్కున పెట్టుకుని ఒక పెద్దాయన బిత్తరపోయి చూస్తున్నాడు.

"ఒక్క జతే! కినుయో, అక్కడ ఉండేది ఒక్క జతే కదూ!"

అక్క చేతిలోని గిన్నె నా ఒళ్ళో పడేసి, కిటికీలోంచి సగం బయటికి వంగి, రెండు చేతులతో చప్పట్లు కొట్టింది. కింద ఆయన గంతులేస్తున్నారు. పడిపోతుందేమోనని అక్క నడుం నేను గట్టిగా పట్టుకున్నాను.