అరిచేవాళ్ళ కోసం ఏడు రోజులు

మండుటెండల్లో స్వెటరు చంకన పెట్టుకుని ఉద్యోగానికి బయల్దేరే మనిషిని చూసి వీధిలో మొదట్లో నవ్వుకునేవారు. ఆవిడ పట్టించుకోలేదు. బయట ఏ కాలమైనా ఆవిడ పనిచేసే గదిలో చలికాలమే. తోటివాళ్ళు పెద్దక్క అని పిలిచే ఆవిడ ఇరవై రెండేళ్ళుగా సర్వర్ల గదిని చూసుకుంటోంది.

వెబ్‌సైట్లు ఎక్కడుంటాయని అడిగితే చదువుకున్నవాళ్ళు కూడా ఆకాశం వైపు చూస్తారు. అక్కడ ఏమీ లేదు. ఎంత గొప్ప సైటైనా ఏదో ఒక గదిలో, ఇనుప అరలో పడుకున్న సర్వరు అనే పెట్టెలో ఉండాల్సిందే. ఎక్కడో ఎవరో సైటు పేరు కొడతారు. ఏ పేరు ఏ పెట్టెదో చెప్పే జాబితాలు వేరే ఉంటాయి. వాటిని బట్టి ఆ అడిగిన మాట తీగల వెంట పెట్టె దగ్గరికి వస్తుంది, పెట్టె తనలోని పేజీకి నకలు తీసి పంపుతుంది. అందుకని పెట్టె ఎప్పుడూ మేలుకునే ఉండాలి, కరెంటు పోకూడదు, ఒళ్ళు వేడెక్కకూడదు. ఆ చోటునీ ఆ చాకిరీనీ అద్దెకివ్వడాన్నే హోస్టింగ్ అంటారు. చాకిరీ పెద్దక్కది.

పదిహేనేళ్ళ కిందట, అప్పటి మేనేజరుకు చెప్పే, ఆవిడ ఒక పెట్టెలో కాస్త చోటు మామగారికి ఉచితంగా ఇప్పించింది. ఆయన కుట్టుమిషన్ల రిపేరు షాపులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఏ పాత మిషను దారం ఎందుకు తెంపుతుంది, ఏ మరను ఎంత బిగించాలి అన్నవన్నీ రోజూ పొద్దున్నే కూర్చుని నేరుగా సైటులోనే టైపు చేసేవారు. నాలుగు వందల పైచిలుకు మిషన్ల సంగతులు చేరాయి. ఇంకెక్కడా నకలు లేదు. ఎక్కడెక్కడి దర్జీలో చదివి ఉత్తరాలు రాసేవారు. "వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదమ్మా" అని ఆయన మురిసిపోయేవారు.

ఆ కడపంక్తే కొంప ముంచింది. మేనేజర్లు మారారు, లెక్కల పుస్తకాలు మారాయి, అద్దె రాని పెట్టె ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. పాత పెట్టెల్లోవన్నీ కొత్తవాటిలోకి మార్చినప్పుడు మామగారి సైటూ మారిపోయిందనే పెద్దక్క అనుకుంది. మారలేదు.

ఈమధ్య కంపెనీ వేరే భవనానికి మారాల్సి వచ్చింది. ఎవరివో తెలియని పెట్టెలకు ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. తీగ పీకి ఏడు రోజులు ఆగాలి. ఎవరైనా అరిస్తే వాళ్ళే యజమాని. ఎవరూ అరవకపోతే డిస్కులు చెరిపేసి పెట్టెను తుక్కుకి పంపాలి. నాలుగో వరుసలో చీటీ వెలిసిపోయిన పెట్టె ఒకటి కనిపించింది. పాస్‌వర్డు ఎవరికీ గుర్తులేదు. పెద్దక్క ఆఫీసంతా అడిగి, గురువారం పొద్దున తన చేత్తోనే తీగ పీకింది. అది మామగారి సైటున్న పెట్టె.

మామగారు షాపులో ఉన్నంతకాలం నోటిమాటగా ఫిర్యాదు తీసుకోలేదు. "రాసివ్వు, నాలుగు రోజుల్లో చూస్తాం" అనేవారు. తనకూ అదే నియమం. మూడు రోజులు సొంత కంప్యూటరునే అనుమానించి, ఆదివారం నాడు సైటు ఫిర్యాదుల ఈమెయిలు చిరునామాకు ఉత్తరం రాశారు. ఆ చిరునామాకు వచ్చినవి కోడలి ఫోనుకు చేరతాయి, నిజమే. కానీ ముందు తీగ పీకిన ఆ పెట్టెలోకే వచ్చి, అక్కణ్ణుంచి చేరాలి. దర్జీలూ అక్కడికే రాశారు. అరిచినవాళ్ళు అరుస్తూనే ఉన్నారు, గదిలో మాత్రం చడీచప్పుడూ లేదు.

సాయంత్రాలు ఆయన ముభావంగా ఉండటం పెద్దక్క గమనించింది.

"ఒంట్లో బాలేదా మామయ్యా?"

"బానే ఉన్నానమ్మా. నువ్వు తిను."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగేశానన్న ధీమాలో ఆయన, ఎవరూ అడగలేదన్న నిశ్చింతలో ఆవిడ, ఒకే బల్ల దగ్గర భోంచేశారు.

మళ్ళీ గురువారం వచ్చింది. పెద్దక్క చెప్పులు వేసుకుంటుంటే ఆయన గుమ్మం దాకా వచ్చారు.

"అమ్మా, నా అర్జీ ఏమైంది? ఇవాళ్టికి నాలుగో రోజు."

"ఏ అర్జీ మామయ్యా?"

"సైటు రావట్లేదని రాశాను కదా. పోయిన గురువారం నుంచీ లేదు."

గురువారం అన్న మాటకు ఆవిడకు తను పీకిన తీగ గుర్తొచ్చింది. అక్కడే నిలబడి గదిలో ఉన్న టెక్నీషియనుకు ఫోను చేసింది.

"నాలుగో వరుసది ఏంచేశావ్?"

"డిస్కులు ఊడదీశాను పెద్దక్కా. చెరిపే మిషన్లో పెడుతున్నా."

"పెట్టకు! ముట్టుకోకు!"

"ఏడు రోజులూ ఎవరూ అరవలేదు కదక్కా?"

"ఇప్పుడు నేను అరుస్తున్నా కదయ్యా!"

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఏమిటో ఆవిడకు దారి పొడుగునా తెలిసొచ్చింది. గదిలోకి వెళ్ళి డిస్కులు వాటి గూళ్ళలో దోపి, తీగ తగిలించింది. స్వెటరు వేసుకోవడం కూడా మరిచిపోయింది.

చేరని ఉత్తరాన్ని పంపినవైపు యంత్రాలు నాలుగైదు రోజులు పట్టుకుని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తాయి. మొదటి రెండు రోజులవి అప్పటికే వెనక్కి పోయాయి. మిగిలినవి గంట తిరక్కుండా ఒక్కొక్కటే ఆవిడ ఫోనులో దిగాయి, మొత్తం ఇరవై ఆరు. "అయ్యా, మీరు కులాసాయేనా? పేజీ కనపడక భయమేసింది" అని ఒక దర్జీ రాశాడు. పంతొమ్మిదోది ఇంట్లోంచి వచ్చింది.

"హోస్టింగ్ విభాగం వారికి. విషయం: సైటు రావడం లేదు. నా కంప్యూటరు తప్పు కాదని మూడు రోజులు చూసుకున్నాను. ఈ మాట ఇంట్లోనే చెప్పవచ్చు. కానీ రోజంతా ఆ పెట్టెలతో వేగి వచ్చిన పిల్లకు భోజనం దగ్గర కూడా వాటి గోల ఎందుకని రాస్తున్నాను. తొందర లేదు. ఇట్లు, ఫోర్‌మన్, రిటైర్డ్."

పెద్దక్కకు సిగ్గేసింది. పెట్టెల మధ్య నిలబడి ఏడ్చింది. తర్వాత మామగారి రాతలన్నీ ఇంకో రెండు చోట్లకు నకలు తీసి, జవాబు రాసింది: "అర్జీ అందింది. పని పూర్తయింది. కారణం: తీగ పీకింది నేనే."

సాయంత్రం భోజనాల దగ్గర ఆయన ఆ సంగతే ఎత్తలేదు. ఆవిడే ఎత్తింది.

"ఇకమీదట ఏదైనా నాకు నోటితోనే చెప్పండి మామయ్యా. ఇక్కడే, తింటూ."

ఆయన కంచంలో ముద్ద కలుపుకున్నారు.

"అదీ రాసివ్వమ్మా" అన్నారు.

ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి రాసిచ్చింది.