అయిదవ మాటకు ముందు

శుభ శుక్రవారం మధ్యాహ్నం మా చర్చిలో సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలను ఏడుగురం వివరిస్తాం. నాకు వచ్చేది అయిదవది, దాహం గురించినది. ఆరాధన ముగిసేవరకు ఎవరూ మంచినీళ్లు ముట్టరు. నా ముక్కులో ఎడమ రంధ్రం ఎప్పుడూ మూసుకున్నట్టే ఉంటుంది. కుడిది ఎండాకాలం దిబ్బడ వేస్తుంది. నోటితో ఊపిరి తీస్తూ చదవడం వల్ల నిరుడు నాలుక అంగిటికి అంటుకుపోయి సగంలో ఆగిపోయాను. మిగతాది పాస్టరుగారు పూర్తిచేశారు. ఈసారీ ఆగితే ఆ మాట మరొకరికి వెళుతుంది.

దవాఖానలో డాక్టరు నా ఎడమ చెంపను వేలితో పక్కకు లాగి, "ఇప్పుడు గాలి పోతాందా?" అన్నాడు. పోయింది.

"లోపల గోడ వంకరున్నది. ఆపరేషన్ చేయించుకోండ్రి. అప్పటిదాంక ముక్కును తెరిచిపట్టే సామాన్లు దొరుకుతయి, పెట్టి చూడుండ్రి."

శుభ శుక్రవారానికి ముందు వచ్చే మట్టల ఆదివారం నుంచి పరీక్షలు మొదలుపెట్టాను. పొద్దున్నే ఫ్యాను కింద నిటారుగా కూర్చుని, నీళ్లలో చల్లబరిచి తుడిచిన స్టీలు పళ్లెం ముక్కు కింద పట్టుకునేవాణ్ణి. ఊపిరికి దానిమీద పడే రెండు మసక మచ్చలను స్కేలుతో కొలిచి, తేదీ వేసి రాసుకున్నాను. ముక్కుపై అతికించే పట్టీ సోమవారం ఎడమ మచ్చను కొంచెం పెంచింది. మంగళవారం కాశిబుగ్గ దాకా వెళ్లివచ్చేసరికి చెమటకు ఊడింది. బుధవారం రంధ్రాల్లో దూర్చే మెత్తని సిలికాన్ రింగు పెట్టాను. మచ్చలు రెండూ సమానమయ్యాయి.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏమయ్యా, పెండ్లప్పుడు ముక్కుపుల్ల అడిగితే మన చర్చిల పెట్టుకోరంటివి. ఇప్పుడు నువ్వే పెట్టుకుంటానవా?"

"ఇది బయటికి కనవడది."

"కనవడితే ఏంది, ఊడకుంటే సాలు."

శుక్రవారం నాలుగవ మాట ముగియగానే అందరం మోకరించాం. తల వంచాను. అన్ని రోజులూ నిటారుగా కూర్చునే కొలిచాను. ప్రార్థనలో తల వంచుతానన్నది ఒక్కసారీ తట్టలేదు. చెమటకు జారిన రింగు నేలమీద పడి బెంచీల కిందికి దొర్లిపోయింది. వెతికే వ్యవధి లేదు. నన్ను పిలిచారు.

మొదటి వాక్యానికే నోరు తెరిచి ఊపిరి పీల్చాను. నాలుగైదు వాక్యాలకు నాలుక బరువెక్కింది. ఎదురుగా పాస్టరుగారు కుర్చీలో ముందుకు జరిగారు. అప్పుడు డాక్టరు వేలు గుర్తొచ్చింది. ఎడమ అరచేతిని చెంపకు ఆనించి పక్కకు లాగి పట్టాను. గాలి ఆడింది. చేయి దించకుండా, కుడిచేత్తో కాగితాలు తిప్పుతూ చివరిదాకా చదివాను.

బయట ఒక పెద్దమ్మ నా భుజం తట్టింది. "బిడ్డా, చెంపకు చెయ్యి పెట్టుకొని చదువుతాంటె నాకు ఏడుపు ఆగలే. వచ్చే యేడు గూడ గట్లనే చదువాలె."

పాస్టరుగారు తల ఊపారు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గట్లనే అంటే ఇగ ఆపరేషన్ లేనట్టేనా?" అంది దారిలో.