మూరెడు ఎత్తున ఊదా లైటు

ఆ లైటు మీద నాకు పగ ఉండేది. ఉత్త కోపం కాదు, మనిషి మీద పెంచుకునే పగ.

భూపాలపల్లిలో మా ఆఫీసుకు ఉన్నది ఒక్కటే మంచి కిటికీ. దాని పక్కన నా బల్ల. కొత్తగా వచ్చిన సారు మొదటి వారంలోనే ఫైళ్లకు చోటు చాలడం లేదని ఆ కిటికీకి అడ్డంగా రెండు బీరువాలు పెట్టించాడు. రెండో వారంలో గది చీకటిగా ఉందని కనిపెట్టాడు. మూడో వారంలో ఎనిమిది పూలకుండీలు తెప్పించి నా బల్లకు ఆనుకుని వరుసగా పెట్టించాడు. ఈ చీకట్లో మొక్కలెలా బతుకుతాయని మేం అడిగేలోపే, ఫ్యాను కొండీ నుంచి తాడు కట్టి వాటి మీదికి ఒక లైటు వేలాడదీయించాడు. ఇంట్లో పెంచే మొక్కల కోసమే తయారు చేసే లైటట. మొక్కలకు వెలుతురు కావాలని తట్టిన పెద్దమనిషికి నాకూ కళ్లున్నాయని తట్టలేదు.

ఊదా రంగు వెలుతురు. దాని కింద రాస్తుంటే నా చేతులు వంకాయల్లా కనిపించేవి. మధ్యాహ్నానికల్లా తలనొప్పి. అర్జీలు పట్టుకొచ్చినవాళ్లు, "ఏంది మేడం, గిదేం లైటు? లగ్గం పందిరి లెక్కున్నది" అని నవ్వేవాళ్లు. నా బల్ల ఇంకో మూలకు మార్పించమని సారును అడిగాను. "మీరు సర్దుకోవచ్చమ్మా. మొక్కలు సర్దుకోలేవు కదా" అన్నాడు. ఆ మాటకు తనే మురిసిపోయి నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు నూరాలనిపిస్తుంది.

లైటు చూసుకునే పని స్వీపర్ అక్కకు పడింది. మాది జనగామ దగ్గర లింగాల ఘనపూర్. ఆమెది ములుగు ఘనపూర్. ఇద్దరిదీ ఘనపూరే అని మొదటిరోజే నన్ను చెల్లె అని పిలిచి, నా టిఫిన్ డబ్బాలో చింతకాయ తొక్కు వేసింది. ఆమెకు భర్త లేడు. బిడ్డ మహబూబాబాద్‌లో నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. ఆ చదువంతా ఈ కాంట్రాక్టు పని మీదే నడుస్తోందని ఆఫీసులో తెలియనివాళ్లు లేరు.

సారు అందరి ముందే ఆమెకు చెప్పాడు. "లైటు ఆకులకు అడుగున్నర పైన ఉండాలి. మొక్క పెరిగేకొద్దీ పైకి లాగాలి. రాత్రీ పగలూ వెలుగుతూనే ఉండాలి, ఆర్పొద్దు. కిందికి జారితే ఆకులు మాడతాయి. మాడాయంటే నీ పని పోయినట్టే."

"అడుగున్నరంటే మూరెడే గద సారు" అంటూ ఆమె మల్లెపూలు కొలిచినట్టు మోచెయ్యి పెట్టి కొలిచింది. తాడు కొసను బీరువా పిడికి కట్టింది.

నెలాఖరుకు పై ఆఫీసరు తనిఖీకి వస్తాడని, ఆయనకు ఈ పచ్చదనం చూపించాలని సారుకు ఒకటే ఉబలాటం. ఆ ఉబలాటం మీద నీళ్లు చల్లాలని నాకు. ఒక సాయంత్రం అందరూ వెళ్లాక ముడి విప్పి, లైటును జానెడు ఎత్తుకు దించి కట్టాను. పొద్దున వచ్చి చూస్తే మళ్లీ మూరెడు ఎత్తున ఉంది.

ఇది సారు పనే అనుకున్నాను. నాకంటే ముందే వచ్చి సరిచేసి, ఏమీ ఎరగనట్టు గదిలో కూర్చుంటున్నాడని ఒళ్లు మండింది. ఆ సాయంత్రం మళ్లీ దించాను. తెల్లారి మళ్లీ పైకి పోయింది. పది రోజులు ఇదే వరుస. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ పది రోజులూ నాకు హుషారుగా ఉండేది. ఆఫీసుకు రావాలనిపించేది. అక్క సంగతి గుర్తు రాలేదా అంటే, వచ్చింది. మాడితే పరువు పోయేది సారుది, ఆమెను ఊరికే బెదిరించాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

తనిఖీ సోమవారం. ముందు రెండు రోజులు సెలవు. శుక్రవారం సాయంత్రం లైటు దించి, తీరిగ్గా ఇంటికి పోయాను.

సోమవారం సారు అందరికంటే ముందు వచ్చాడు. నేను వెళ్లేసరికి కుండీల చుట్టూ జనం. ఆకులు తెల్లగా పాలిపోయి, అంచులు కమిలి ముడుచుకుపోయాయి. అక్క తలుపు దగ్గర చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"నేను మూరెడు ఎత్తులనే కట్టిన సారు" అన్నది.

"ఇదా మూరెడు? మూరలు జానలు కొలవడానికి పూలమ్ముతున్నావా? స్కేలు తెలియని మనిషికి అప్పజెప్పాను చూడు, నాదీ తప్పు" అని సారు అరిచాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. రోజూ పైకి కట్టింది తానేనని ఒప్పుకోకుండా ఎంత నటిస్తున్నాడో అనుకుని నేను లోపల్లోపల ఉడికిపోయాను. అక్క సారు వైపు చూడడం లేదు, నా వైపు చూస్తోంది. ఫైలు తీసి తల దూర్చాను.

బుధవారం నుంచి కాంట్రాక్టరు ఇంకో ఆమెను పంపాడు.

నాలుగైదు నెలల తర్వాత బస్టాండులో అక్క కనిపించింది. మిరపకాయలు ఏరడానికి కూలికి పోయి వస్తోంది. పక్కన బిడ్డ. కాలేజీ మానేసి తనూ ఏరడానికే పోతోందట. మంట తగ్గక ఆ పిల్ల వేళ్లను నీళ్ల సీసాకు ఆనించి పెట్టుకుంది. అది చూశాక నా వల్ల కాలేదు.

"అక్కా, ఆ లైటు దించింది నేనే" అన్నాను.

"ఎరుకనే" అన్నది. "దినాం పొద్దుగాల పైకి కట్టింది నేనే గద. ఒకనాడు చున్నీ మర్చిపోయి ఎనక్కి వస్తే, నువ్వు ముడి ఇప్పుతున్నవు."

నేను పోట్లాడింది సారుతో కాదు. ఆయనకసలు ఒక పోట్లాట జరుగుతోందనే తెలియదు.

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదక్కా?"

"చెప్తే నా మాట ఎవలు ఇంటరు? నువ్వే చెప్తవని చూసిన. సోమారం చూసిన. మంగళారం గూడ చూసిన."

ఆ రెండు రోజులూ నేను ఆఫీసులోనే ఉన్నాను, సారును తిట్టుకుంటూ.